తాళపత్రాలు, పాత రికార్డులు చూడాలనుకునే నెల్లూరు, ప్రకాశం వాళ్లకి: తరచుగా అడిగే ప్రశ్నలు

పరిశోధన చేసే పిల్లలు, కలంకారీ వేసేవాళ్లు, నాటకాలు రాసుకునేవాళ్లు, ఊరికే తమ ఊరి చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు, అందరూ తొలి ఆధునిక యుగం నాటి రాతప్రతులు, రికార్డుల గురించి దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే విడిగా అర్థమయ్యేలా రాశాను, మీకు కావాల్సింది చూసుకుని చదువుకోండి.

## బయల్దేరే ముందు

అసలు "తొలి ఆధునిక యుగం" అంటే ఏ కాలం అన్నా? మన జిల్లాకి సంబంధించి ఏమైనా ఉంటుందా?

పండితుల లెక్కలో సుమారు 1500 నుంచి 1800 దాకా. మన వైపు ఇంకా తేలిగ్గా గుర్తుపెట్టుకోవచ్చు: కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఉదయగిరి కోట తీసుకున్న 1514 ఒక కొస, ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ పూర్తిగా కంపెనీ పాలనలోకి వెళ్లిన 1801 ఇంకో కొస. ఈ మధ్యలో ఎంత జరిగిందో చూడండి. వెంకటగిరిలో వెలుగోటి వారు, తీరం వెంబడి డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఊరూరా కవిలె కట్టలు (ఊరి లెక్కలు, రికార్డులు) రాసే కరణాలు, గుళ్లలో శాసనాలు, ఇళ్లలో తాటాకు మీద కావ్యాలు. మద్రాసు పుట్టకముందే ఇంగ్లీషువాళ్లు మన దుగరాజపట్నం దగ్గర, వాళ్లు ఆర్మగాన్ అని రాసుకున్న చోట, 1626 ప్రాంతంలో వ్యాపార స్థావరం పెట్టారు. దాని ఉత్తరప్రత్యుత్తరాలు ఇప్పటికీ చదవచ్చు. ఉంటుందా అని కాదు, ఇంత ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నదే సమస్య.

నేను పీహెచ్‌డీ చేయట్లేదు, బొమ్మలు వేసుకునేవాణ్ణి. నన్ను లోపలికి రానిస్తారా?

రానిస్తారు. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు, మీరెవరు, ఏం చూడాలనుకుంటున్నారు, ఎందుకు అని ఒక పేజీలో రాసిన ఉత్తరం తీసుకెళ్లండి. మీకు తెలిసిన కాలేజీ లెక్చరర్‌తోనో, ఏదైనా కళాసంస్థ పెద్దలతోనో పరిచయపత్రం రాయించుకుంటే పని ఇంకా సులువవుతుంది. ఉత్తరంలో "పాత పుస్తకాలు చూడాలి" అని మాత్రం రాయకండి. "17వ శతాబ్దంలో కోరమాండల్ తీరం అద్దకం బట్టల గురించి ఏ రికార్డులున్నాయో చూడాలి" అని రాయండి. ఎంత చిన్న ప్రశ్నతో వెళ్తే అంత పెద్ద సాయం దొరుకుతుంది, లైబ్రేరియన్‌కి కూడా మీ కోసం ఏ బీరువా తెరవాలో తెలియాలి కదా.

కళాకారులకి లైబ్రరీలో ఏం పని అని ఎవరైనా అంటే బెంగుళూరు నాగరత్నమ్మ గారి సంగతి చెప్పండి. ఆవిడ పాటకత్తె, దేవదాసి కుటుంబంలో పుట్టినావిడ. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం అచ్చుప్రతి చూసి, అందులో పద్యాలు, కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న భాగం తీసేశారని గ్రహించి, రాతప్రతి సంపాదించి, రెండూ పోల్చి 1910లో పూర్తి పుస్తకం తెచ్చారు. అచ్చువేసింది వావిళ్ల వారు, వాళ్ల మూలాలు మన నెల్లూరు సీమవే. అశ్లీలమని బ్రిటిషు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధం తీసేసింది 1947లో, మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం. పంతులు గారిది ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెం. రాతప్రతిని అచ్చుప్రతితో పోల్చి చూడటం డిగ్రీలున్నవాళ్ల సొత్తేం కాదు.

ఖర్చు ఎంతవుతుంది?

ప్రభుత్వ లైబ్రరీల్లో చూడటానికి పెద్దగా ఏమీ కాదు. ఖర్చంతా కాపీలకి, స్కాన్‌లకి, బసకి, తిండికి. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్‌లోనే ఏ రోజులు సెలవో, రీడింగ్ రూమ్ ఎన్నింటికి మూస్తారో కూడా అడగండి.

## ఎక్కడ ఏముంది

మాది కందుకూరు వైపు. మా ఊరి రికార్డులు ఒంగోల్లో ఉంటాయా, నెల్లూర్లో ఉంటాయా?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉండేవి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి. అందులో మళ్లీ ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులోనే ఉండేది. అంటే మీ ఊరి పాత కాగితం ఏ జిల్లా పేరు కింద ఉందో తెలియాలంటే, ఆ కాగితం ఏ సంవత్సరంలోదో ముందు తెలియాలి. కేటలాగులో "ప్రకాశం" అని వెతికి ఏమీ లేదనుకుని వెనక్కొచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఎందుకంటే వాళ్ల ఊరు ఆ పక్క షెల్ఫులోనే "నెల్లూరు" అన్న అట్ట కింద ఉంటుంది. ఊరి పేరు స్పెల్లింగు కూడా ఇంగ్లీషు రికార్డుల్లో ఒక్కో దొర ఒక్కోలా రాసేవాడు, అన్ని రకాలుగా వెతకండి.

ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టే దారేదైనా ఉందా?

ఉంది, అదే మంచిది కూడా. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు 3 సంపుటాలుగా ప్రచురించారు, తాలూకాల వారీగా ఉంటాయి, ఒంగోలు, కందుకూరు, కనిగిరి కూడా అందులోనే ఉన్నాయి. 1873లో బోస్వెల్ కూర్చిన నెల్లూరు జిల్లా మాన్యువల్ ఉంది. పాతవి చాలావరకు స్కాన్ చేసి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పెట్టారు. ముందు వీటిలో మీ ఊరి పేరు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పేర్లు చూసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కు లేకుండా చెన్నై రైలెక్కితే మొదటి రోజంతా కేటలాగు తిరగేయడానికే సరిపోతుంది.

పాత పత్రికలకైతే వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో మొదలైన గ్రంథాలయం, పాత ప్రకాశం జిల్లాలోది, ఇప్పుడు బాపట్లలోకి వెళ్లింది. 1929లో గాంధీగారు వచ్చారు, ఆయన చేతికర్ర ఇంకా అక్కడ ఉంది. అక్కడున్నవి ఎక్కువగా 20వ శతాబ్దపు పత్రికలు, అచ్చు పుస్తకాలు. వాటితో మనకేం పని అనుకోకండి. ఇప్పుడు కనపడకుండా పోయిన రాతప్రతులు ఆ రోజుల్లో ఎవరింట్లో ఉండేవో, ఎవరు చూసి అచ్చువేశారో చెప్పేవి ఆ పాత సంచికలూ, ఆ పుస్తకాల పీఠికలే.

తాళపత్రాలు కావాలంటే తప్పనిసరిగా చెన్నైకే పోవాలా?

తెలుగు రాతప్రతుల అతిపెద్ద భాండాగారాల్లో చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఒకటి. కంపెనీ సర్వేయరు కర్నల్ మెకంజీ సేకరించినవి, సి.పి. బ్రౌన్ కూడబెట్టినవి అక్కడికే చేరాయి. నెల్లూరు నుంచి పొద్దున్నే రైలెక్కితే పోయి వచ్చేంత దూరమే. ఇంకా దగ్గర్లో తిరుపతి ఉంది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు బాగా ఉన్నాయి. తంజావూరు సరస్వతీ మహల్‌లో నాయక రాజుల కాలం నాటి తెలుగు యక్షగానాలు, కావ్యాలు ఉన్నాయి, నాటకాల వాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన చోటు. కంపెనీ రెవెన్యూ రికార్డులకి, డచ్చి రికార్డులకి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. ఆంధ్ర జిల్లాల రికార్డులు కొంత భాగం హైదరాబాదు తార్నాకకి వెళ్లాయి.

కైఫీయత్తు అంటే ఏంటి? అందులో రాసిందంతా నిజమేనా?

1800కి అటూ ఇటూ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల్ని అడిగి, వాళ్ల దగ్గరున్న దండకవిలెలు చూసి రాయించుకున్న ఊరి వృత్తాంతాలే కైఫీయత్తులు. ఏలూరుకి చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఈ పనికి వెన్నెముక లాంటివాళ్లు. ఆ రాతప్రతులు పాడైపోతుంటే తర్వాత బ్రౌన్ వాటికి నకళ్లు తీయించాడు. కడప జిల్లా కైఫీయత్తులు కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాళ్లు అచ్చువేశారు, శైలి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ముందు అవి చదవండి.

ఇక నిజమా అంటే, ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి. కొత్తగా వచ్చిన కంపెనీ వాడు అడుగుతున్నాడు, చెబుతున్నది మాన్యాలు నిలబెట్టుకోవాల్సిన కరణం, పూజారి, పాళెగాడి దివాను. ఫలానా రాయలు మా ముత్తాతకి ఈ భూమి ఇచ్చాడు అని చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకుంది. అందుకని మాన్యం, వంశం, సరిహద్దు మాట వచ్చిన ప్రతిచోటా గుడి శాసనంతో పోల్చి చూడండి. చెరువు ఎవరు తవ్వించారు, ఏ కులం వాళ్లు ఏ వీధిలో ఉన్నారు, ఏ జాతర ఎప్పుడు చేసేవాళ్లు, ఊరు పాడుబడి మళ్లీ ఎలా నిలిచింది, ఇలాంటి విషయాలకి కైఫీయత్తుని మించినది లేదు. రాజుల గురించి తప్పు చెప్పిన కరణం కూడా తన ఊరి చెరువు గురించి చాలావరకు సరిగ్గానే చెబుతాడు. నాకైతే ఊరి నోటి నుంచి వచ్చిన చరిత్ర ఇంత దగ్గరగా ఇంకెక్కడా వినపడదు.

## రీడింగ్ రూమ్‌లో

లోపలికి ఏం తీసుకెళ్లాలి?

పెన్సిలు, నోటుబుక్కు, భూతద్దం. పెన్ను, నీళ్ల బాటిల్, తినేవి బయటే. ఫోన్‌తో ఫోటో తీయడానికి విడిగా అనుమతి అడగాలి, ఫ్లాష్ ఎక్కడా వేయకూడదు. చేతికి గ్లౌజులు వేసుకోవాలేమో అని చాలామందికి టెన్షన్, అక్కర్లేదు. శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరిన చేతులే మేలు, గ్లౌజు వేసుకుంటే ఆకు అంచు వేలికి తెలియక విరుగుతుంది. సిబ్బంది వేసుకోమంటే మాత్రం వేసుకోండి.

తాటాకు కట్ట నా ముందు పెట్టారు, చేతులు వణుకుతున్నాయి. ఎలా విప్పాలి?

నిదానంగా. ముందు పై పలకలు, దారం ఎలా చుట్టి ఉందో చూసి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అలాగే చుట్టాలి. దారం చిల్లుల్లోంచి పోతుంది కాబట్టి ఆకుల్ని దాని మీదే జరుపుతూ ఒక్కొక్కటిగా తిప్పండి. ఒక కొస పట్టుకుని పైకి లేపితే ఎండిన ఆకు చిల్లు దగ్గరే చిట్లుతుంది, కింద అరచెయ్యి ఆనించి తిప్పండి. ఆకులు అతుక్కుని ఉంటే విడదీయొద్దు, అక్కడివాళ్లని పిలవండి.

కొన్ని ఆకుల మీద అక్షరాలు అసలు కనపడవు. ఘంటంతో గీసి వదిలేసి, మసి రుద్దకపోతే గాడి మాత్రమే ఉంటుంది. ఆకుని పక్క నుంచి వెలుతురు పడేలా కొంచెం వాలుగా పెట్టండి, గాడిలో నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది. ఆ లేఖకుడి చెయ్యి ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ అలిసిపోయిందో కూడా తెలుస్తుంది. మీరు సొంతంగా పసరు, బొగ్గు రాయడం లాంటివి మాత్రం ఎప్పుడూ చేయకండి.

## చదవడం, అర్థం చేసుకోవడం

తెలుగే కదా అనుకున్నా, ఒక్క లైను కూడా చదవలేకపోయా. ఏం చేయాలి?

మొదటిసారి అందరికీ అంతే. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. పద్యం నాలుగు పాదాలూ వరసగా కలిపే రాస్తారు, మధ్యలో "క" (కందం), "సీ" (సీసం), "తే" (తేటగీతి), "ఉ" (ఉత్పలమాల) అని ఒక్క అక్షరంతో ఏ పద్యమో చెబుతారు. చాలా ప్రతుల్లో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపించరు. వలపలగిలక (అక్షరానికి ముందు పలికే ర్‌ని దాని తర్వాత రాసే గుర్తు), బండి ఱ ఉంటాయి. ఆకుల సంఖ్యలు తెలుగు అంకెల్లో అంచున ఉంటాయి.

ఇక్కడొక చిట్కా. మొదటిసారి మీకు కంఠతా వచ్చిన దాన్నే అడగండి. పోతన భాగవతమో, వేమన పద్యాలో, మొల్ల రామాయణమో. పద్యం ముందే నోటికి వచ్చు కాబట్టి కన్ను అక్షరాన్ని పట్టుకుంటుంది, కొన్నాళ్లకి ఆ చేతిరాత మీకు అలవాటవుతుంది. తర్వాత తెలియని ప్రతికి వెళ్లండి. ఇంకోటి, పద్యంలో అక్షరం చెరిగిపోయిన చోట ఛందస్సు సాయం చేస్తుంది. కందంలో నాలుగు పాదాలకీ రెండో అక్షరం ప్రాస, అది ఒకటే హల్లు అయి ఉండాలి. మూడు పాదాల్లో కనిపిస్తే నాలుగోది ఏమై ఉంటుందో తెలిసినట్టే. యతి కూడా ఇలాగే పట్టిస్తుంది. బళ్లో నేర్చుకుని మర్చిపోయిన ఛందస్సుని మళ్లీ ఒకసారి తిరగేయండి, నిజంగా పనికొస్తుంది.

శక సంవత్సరం, ఫసలీ అని రాశారు. ఇంగ్లీషు సంవత్సరం ఎలా కట్టాలి?

శాలివాహన శకానికి 78 కలపండి, ఏడాది చివరి నెలలైతే 79. శక 1436 అంటే 1514-15. సరిచూసుకోవడానికి శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి, మిగిలిన శేషం ప్రభవ నుంచి లెక్కేస్తే వచ్చే సంవత్సరం పేరు, శేషం సున్న వస్తే క్షయ. 1436కి 12 కలిపితే 1448, శేషం 8, అంటే భావ. శాసనంలో శకం, పేరు రెండూ కలిస్తే ధైర్యంగా రాసుకోవచ్చు, కలవకపోతే అంకె చదవడంలోనో చెక్కడంలోనో ఏదో తేడా ఉంది. ఫసలీకి (భూమి శిస్తు లెక్కల సంవత్సరం) 590 కలపండి, మన వైపు అది జులైలో మొదలవుతుంది, కాబట్టి ఫసలీ 1210 అంటే 1800 జులై నుంచి 1801 జూన్ దాకా. పేరు ఒక్కటే ఉండి శకం లేకపోతే తొందరపడొద్దు, అదే పేరు 60 ఏళ్లకోసారి వస్తుంది.

కట్ట చివర సంస్కృతంలో ఏదో శ్లోకం ఉంది, అది కూడా గ్రంథంలో భాగమేనా?

కాదు, అది రాసిన మనిషి మాట. దయచేసి దాన్ని వదిలేయకండి. తరచుగా కనిపించేది ఇది: "భగ్నపృష్ఠ కటిగ్రీవః స్తబ్ధదృష్టి రధోముఖః, కష్టేన లిఖితం గ్రంథం యత్నేన పరిపాలయేత్". వీపు, నడుము, మెడ విరిగిపోయి, చూపు బిగుసుకుపోయి, తల దించుకుని కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. ఇంకోటి "యాదృశం పుస్తకం దృష్ట్వా" అని మొదలవుతుంది, చూసిన ప్రతిలో ఎలా ఉందో అలా రాశాను, తప్పు నాది కాదు అని. ఆ పక్కనే చాలాసార్లు లేఖకుడి పేరు, ఊరు, ఎవరి కోసం రాశాడు, తిథి, వారం ఉంటాయి. కవి ఎవరో అందరికీ తెలుసు, ఆ కావ్యాన్ని మన దాకా మోసుకొచ్చింది ఈ చేతులే. మీ ఊరి పేరు కనిపించేది కూడా సాధారణంగా ఈ రెండు లైన్లలోనే.

## కళాకారుల ప్రశ్నలు

కలంకారీ వేస్తాను. పాత డిజైన్లు, రంగులు ఈ రికార్డుల్లో దొరుకుతాయా?

డిజైన్లు ఎక్కువగా మ్యూజియంలలో దొరుకుతాయి, రికార్డుల్లో దొరికేది పని. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్లు మన తీరం బట్టల ఫోటోలు ఆన్‌లైన్లో పెట్టారు, పెద్దవి చేసి చూస్తే గీత ఎక్కడ ఆగి మళ్లీ మొదలైందో కూడా కనిపిస్తుంది. పుదుచ్చేరి వైపు ఉన్న కోర్డూ అనే ఫ్రెంచి పాదిరీ 1742లో మన అద్దకం పని అంచెలంచెలుగా ఎలా చేస్తారో ఉత్తరాల్లో రాశాడు. ఎరుపు రంగుకి తీరం ఇసుక నేలల్లో దొరికే చిరివేరు వాడేవాళ్లు. మీరు పనివాళ్లు కాబట్టి ఆ రాతల్లో ఏది నిజంగా జరిగే పని, ఏది బయటివాడు సరిగ్గా అర్థం చేసుకోలేదు అన్నది పండితుల కంటే ముందు మీరే పట్టేస్తారు. దాన్ని రాసి పెట్టండి, పరిశోధన చేసేవాళ్లకి అది చాలా అవసరం.

మేం తోలుబొమ్మలాట వాళ్లం. మా పద్యాలు లైబ్రరీ ప్రతితో కలవట్లేదు, మావి తప్పా?

తప్పు కాదు. తెర వెనక తరతరాలుగా పాడుతూ వచ్చిన పాఠం దానికదే ఒక ప్రతి. లైబ్రరీ కట్టకి లేఖకుడున్నట్టే మీ పద్యానికి మీ తాత ఉన్నాడు. దిద్దుకోవద్దు. ముందు మీరు పాడే తీరులోనే రికార్డు చేయండి, పక్కన లైబ్రరీ పాఠం రాసుకోండి, తేడాలు గుర్తుపెట్టండి. ఆ తేడాలే రేపు ఎవరికైనా విలువైన సామగ్రి.

కైఫీయత్తులోని కథతో నాటకం రాస్తే, కల్పన ఎంతవరకు కలపొచ్చు?

మీ ఇష్టమున్నంత. కరపత్రంలో మాత్రం ఏది కైఫీయత్తులోది, ఏది మీ కల్పనో రెండు వాక్యాలు రాయండి. మన ఊళ్లలో నాటకంలో చూసింది పదేళ్లకి చరిత్ర అయిపోతుంది, ఇంకో పదేళ్లకి దాని మీద గొడవలవుతాయి. ఏ లైబ్రరీ, ఏ నంబరు ప్రతి అన్నది కూడా వేయండి.

## ఇంట్లో కట్టలున్నవాళ్లకి

మా తాతల నాటి తాటాకు కట్టలు అటక మీద ఉన్నాయి. వాటిని ఏం చేయమంటారు?

భోగి మంటలో వేసినవాళ్లున్నారు, పెన్నలో కలిపినవాళ్లున్నారు. ఆ రెండూ మాత్రం చేయకండి. కిందికి దించి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, నీళ్లు తగలనివ్వొద్దు, ఎండలో పెట్టొద్దు. దారం తెంపొద్దు, ఆకుల వరస మార్చొద్దు. ప్రతి ఆకుకీ రెండు వైపులా ఫోన్‌తో ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టండి. తర్వాత శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, నేలకి ఎత్తుగా, గాలాడే బీరువాలో పెట్టండి. పాతవాళ్లు పక్కన వసకొమ్ము పెట్టేవాళ్లు, పురుగు రాదు. ప్లాస్టిక్ కవరు వద్దు, మన తీరం తేమకి లోపల బూజు పడుతుంది. జాతకాలు, అప్పుపత్రాలు, వైద్యం చిట్కాలే ఉన్నాయని పారేయకండి, కావ్యాలకైతే ఇంకో ప్రతి ఎక్కడో ఉంటుంది, మీ ఊరి ధాన్యం లెక్కకి ఉండదు.

పరిశోధకులు వచ్చి కట్టలు ఇవ్వమంటున్నారు, ఇంకొకరు కొంటామంటున్నారు. ఇవ్వచ్చా?

చూపించండి, కూర్చోబెట్టి చదవనివ్వండి, ఫోటోలు తీసుకోనివ్వండి. ఇంటి గడప దాటించే ముందు మాత్రం ఆగండి. ఫోటోల పూర్తి సెట్టు మీకూ ఇవ్వాలని, ప్రచురిస్తే మీ కుటుంబం పేరు, ఊరి పేరు వేయాలని కాగితం మీద రాయించుకోండి. మంచి పరిశోధకులు దీనికి సంతోషంగా ఒప్పుకుంటారు.

అమ్మకం సంగతి వేరు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 75 ఏళ్లు దాటి, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతి పురావస్తువే. మీ ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు, కానీ వాటితో వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సంచీ పట్టుకుని ఇంటికొచ్చి కట్టకింత అని బేరమాడేవాడికి ఇవ్వకండి. మీ దగ్గర నిలవదనిపిస్తే తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోటికి ఉత్తరం రాసి, దానం చేస్తామని చెప్పి, రసీదు, ప్రతికి ఇచ్చిన నంబరు రెండూ తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. ఆ నంబరు ఉంటే మీ మనవలు ఎప్పుడు వెళ్లి అడిగినా కట్ట తీసి ముందు పెడతారు.